14.8 మీటర్లు

2022 మార్చి 16 రాత్రి పదకొండున్నర దాటింది. పడుకోబోయే ముందు మర్నాటికి మినప్పప్పు నానబెడుతున్నాను. ఫోను ఒక్కసారిగా అరిచింది. జపాన్‌లో, నేనుండే సెందాయ్‌లో ఉండేవాళ్లందరికీ ఆ అరుపు తెలుసు. “జిషిన్ దేసు, జిషిన్ దేసు” అంటుంది. భూకంపం అని. మొదట ఒకసారి ఊగి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. రెండు నిమిషాలకి అసలుది వచ్చింది. మాది ఆరో అంతస్తు. ఫ్రిజ్ గోడ దగ్గర నుంచి జరుగుతూ వచ్చి వంటగది గుమ్మానికి అడ్డంగా ఆగింది. పప్పు గిన్నె కింద పడి నేలంతా నీళ్లు. నేను బల్ల కిందకి దూరి దాని కాలు పట్టుకుని కూర్చున్నాను.

ఊగడం తగ్గాక టీవీ పెట్టాను. ఇక్కడి వార్తలకి ఒక వరస ఉంటుంది. ముందు ఏ ఊళ్లో ఎంత గట్టిగా ఊగిందో చెప్తారు. తర్వాత సునామీ వస్తుందా రాదా అన్నది. ఆ వెంటనే అణు విద్యుత్ కేంద్రాల పేర్లు. ఓనగావా, ఫుకుషిమా దాయిచి, ఫుకుషిమా దాయిని... చిన్నప్పుడు మా ఇంట్లో రేడియోలో తుఫాను వార్తలు ఇలాగే వినేవాళ్లం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు హెచ్చరిక అని చదువుతుంటే నాన్న అన్నం తినడం ఆపి వినేవాడు. అదే భయం, పేర్లే వేరు.

ఆ రాత్రి భూకంపం తీవ్రత 7.4. షిరోయిషి దగ్గర బుల్లెట్ రైలు పట్టాలు తప్పింది. ఫుకుషిమా కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని చల్లబరిచే పంపులు కొన్ని ఆగిపోయి, కొన్ని గంటల్లో మళ్లీ నడిచాయి. నేను పని చేసేది పంపులు తయారుచేసే కంపెనీలో. “పంపు ఆగింది” అన్న మాట మిగతావాళ్ల కంటే నాకు కాస్త ఎక్కువగా తగుల్తుంది.

అర్ధరాత్రి దాటాక నాన్న ఫోను చేశాడు. మాది శ్రీకాకుళం జిల్లా, రణస్థలం దగ్గర పల్లె. ముందు నా క్షేమం అడిగాడు. తర్వాత కాసేపు ఆగి, “అక్కడి అణు ఫ్యాక్టరీకి ఏటీ అవలేదు కదమ్మా?” అన్నాడు. ఏమీ కాలేదట అన్నాను. “మరి మన కొవ్వాడలో కడితే, ఇలాగ భూమి కదిల్తే ఏటైపోద్ది?”

కొవ్వాడ మా మండలంలోనే. ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది అక్కడి ప్రణాళిక. మా ఊళ్లో పెళ్లిలో కూర్చున్నా, చావుకి వెళ్లినా ఆ మాట రాకుండా ఉండదు. నాన్నకి అప్పటికి “రేపు చెప్తాను, పడుకో” అన్నాను. నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండేళ్లకి పైగా చదివాను, తిరిగాను, మా ఆఫీసులో పెద్దవాళ్లని విసిగించాను. అదంతా ఒకచోట పెడదామనే ఈ పోస్టు.

ముందు నాకు అర్థమైన ఒక్క సంగతి చెప్తాను. భూమి ఊగగానే రియాక్టర్ తనంతట తనే ఆగిపోతుంది. సెన్సర్లు గుర్తించగానే అణు చర్యని ఆపే కంట్రోల్ రాడ్లు క్షణాల్లో లోపలికి వెళ్లిపోతాయి. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి, 9.0 తీవ్రతతో భూమి కదిలినప్పుడు కూడా ఫుకుషిమా దాయిచిలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ అలాగే ఆగాయి. చాలామంది అనుకున్నట్టు ఊపుకి రియాక్టర్ బద్దలైపోలేదు.

కష్టం అక్కడి నుంచి మొదలవుతుంది. కట్టెల పొయ్యిలో మంట ఆర్పేసినా నిప్పులు అలాగే ఉంటాయి కదా. ఆగిన రియాక్టర్‌లో కూడా వేడి పుడుతూనే ఉంటుంది, దాన్ని డికే హీట్ అంటారు. ఆపిన క్షణంలో మొత్తం వేడిలో 6, 7 శాతం. దాయిచి ఒకటో యూనిట్ పూర్తిగా నడిచినప్పుడు పుట్టే వేడి 1380 మెగావాట్లు. అంటే ఆపాక కూడా దాదాపు 90 మెగావాట్ల వేడి. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది కానీ రోజులు గడిచినా సున్నా కాదు. నిప్పుల మీద నీళ్లు చల్లి చేతులు కడుక్కోవడం కుదరదు. నీళ్లు తిరుగుతూ ఉండాలి. అవి తిరగాలంటే పంపు నడవాలి, పంపుకి కరెంటు కావాలి. భూకంపం వస్తే ముందు పోయేదే కరెంటు.

ఆ రోజు కొండచరియ విరిగి విద్యుత్ టవర్ కూలింది, బయటి లైన్లన్నీ పోయాయి. డీజిల్ జనరేటర్లు వెంటనే అందుకున్నాయి. ఇంచుమించు 50 నిమిషాలు అంతా అనుకున్నట్టే నడిచింది. ఆ తర్వాత అల వచ్చింది. నాలుగు యూనిట్లు ఉన్న నేల సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తు. అల 14, 15 మీటర్లు. జనరేటర్లలో ఎక్కువ భాగం టర్బైన్ బిల్డింగుల సెల్లార్లలో ఉన్నాయి. స్విచ్ బోర్డులూ కిందే. అన్నీ ఉప్పునీళ్లలో మునిగాయి. ఉద్యోగులు పార్కింగులో ఉన్న కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి, కంట్రోల్ రూములో మీటర్లకి కలిపి, టార్చిలైటు వెలుగులో నీటి మట్టం చూసుకున్నారు. మార్చి 12న ఒకటో యూనిట్, 14న మూడోది, 15న నాలుగోది, చల్లబడని రియాక్టర్లలో పుట్టిన హైడ్రోజన్ పేలి పైకప్పులు లేచిపోయాయి.

అదే ఆవరణలో ఆరో యూనిట్‌కి గాలితో చల్లబడే డీజిల్ జనరేటర్ ఒకటి, విడిగా, నేల మట్టంలో, కాస్త ఎత్తైన చోట ఉంది. అది తడవలేదు. ఆ ఒక్కటీ అయిదు, ఆరు యూనిట్లు రెండింటినీ కాపాడింది. ఆరు రియాక్టర్ల చోట చివరికి పనికొచ్చిన జనరేటర్ ఒక్కటి.

సెల్లార్‌లో ఎందుకు పెట్టారు అని నాకు చాలా కోపం వచ్చింది. మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరున్న ఇంజనీరు ఒకాయన విడమరిచి చెప్పాడు. బరువైన యంత్రం గట్టి రాతి నేలకి దగ్గరగా ఉంటే భూకంపంలో తక్కువ ఊగుతుంది. ఆ స్థలం మొదట 30 మీటర్లకి పైగా ఎత్తున్న సముద్రపు గట్టు. 1960ల్లో దాన్ని 10 మీటర్లకి తవ్వేశారు. గట్టి రాయి మీద పునాది పడుతుందని, సముద్రపు నీళ్లు పైకి తోడే ఖర్చు తగ్గుతుందని. భూకంపానికి భయపడి చేసిన పని నీళ్లకి దారి ఇచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాళ్లు భూకంపాన్ని పట్టించుకోకుండా కట్టలేదు. ఒక్క భూకంపాన్నే పట్టించుకున్నారు.

పోనీ అల సంగతి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 2008లోనే ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీ లోపల వేసిన లెక్కలో 15.7 మీటర్ల అల రావచ్చని తేలింది. ఆ కాగితం మీద ఏ పనీ జరగలేదు. 2012లో జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర కమిషన్ ఇది మనుషులు చేసిన విపత్తు అని రాసింది.

ఇప్పుడు ఓనగావా. 2011 భూకంప కేంద్రానికి అన్నిటికంటే దగ్గరున్న అణు కేంద్రం ఫుకుషిమా కాదు, ఇది. నేను 2022 అక్టోబరులో ఒక ఆదివారం వెళ్లాను. సెందాయ్ నుంచి రైలు, ఇషినోమాకి దాటాక పట్టాలు ఓనగావాలోనే అయిపోతాయి. స్టేషన్ నుంచి సముద్రం వైపు నేరుగా దారి, ఇరువైపులా కొత్త దుకాణాలు, చేపల వాసన. చివర్లో పాత పోలీసు అవుట్‌పోస్టు ఉంది. కాంక్రీటు కట్టడం, పునాదులతో సహా పెకలించుకుని పక్కకి పడిపోయి ఉంది. దాన్ని అలాగే ఉంచేశారు. చుట్టూ నేల ఎత్తు పెంచడంతో అది గోతిలో పడుకున్నట్టు కనిపిస్తుంది. సుమారు పదివేల మంది ఉండే ఆ ఊళ్లో చనిపోయినవాళ్లు, దొరకనివాళ్లు కలిపి 800 మందికి పైగా.

ఆ ఊరికి అంత చేసిన అల అణు కేంద్రాన్ని ముంచలేదు. కారణం నేల ఎత్తు. 14.8 మీటర్లు.

ఆ అంకె వెనక ఒక మనిషి ఉన్నాడు. హిరాయ్ యనోసుకే, తోహోకు విద్యుత్ కంపెనీలో ఉపాధ్యక్షుడుగా చేసినాయన. 1960ల చివర్లో స్థలం ఎత్తు తేల్చే కమిటీలో ఉన్నాడు. అప్పటికి పాత రికార్డులు వెతికి, అక్కడివాళ్లని అడిగి తేల్చిన అల ఎత్తు 3 మీటర్లు. 12 మీటర్ల ఎత్తు ఉంటే చాలని కొందరన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆయన పుట్టింది ఓనగావా ఉన్న మియాగీ జిల్లాలోనే. 869లో వచ్చిన జోగన్ సునామీ తమ వైపు గుడి దాకా వచ్చిందని చిన్నప్పటి నుంచి విన్నవాడంటారు. వెయ్యేళ్లకి పైగా పాత మాట. ఆ మాట పట్టుకుని కూర్చుని, ఎత్తుతో పాటు ఇంకొకటి కూడా సాధించాడు. సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుంది. అప్పుడు పంపులు నీళ్లందక గాలి పీలుస్తాయి. అందుకని సముద్రం వెనక్కి పోయినా దాదాపు 40 నిమిషాలకి సరిపడా నీళ్లు నిలిచేలా తూములు కట్టించాడు. పంపులతో పని చేసేదాన్ని కాబట్టి, నాకు 14.8 కంటే కూడా ఆ నీటిగుంట దగ్గర చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆయన 1986లో చనిపోయాడు. తన లెక్క నిజమవడం చూడలేదు.

2011లో ఓనగావా తీరం ఆ ఊపుకి ఒక మీటరు కుంగిపోయింది. 14.8లో ఒకటి తీసేస్తే 13.8. అల ఎత్తు సుమారు 13. మిగిలింది 80 సెంటీమీటర్లు. ఇంటికొచ్చాక టేపు పెట్టి చూశాను. మా వంటగట్టు ఎత్తు.

ఓనగావాలో అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఒకటో యూనిట్ టర్బైన్ బిల్డింగులో కరెంటు పరికరాలు అంటుకున్నాయి. నూనె ట్యాంకు ఒకటి పడిపోయింది. అయిదు బయటి లైన్లలో నాలుగు పోయి ఒక్కటే మిగిలింది. రెండో యూనిట్‌లో ఒక సందు గుండా సముద్రపు నీళ్లు సెల్లార్‌లోకి వచ్చి ఒక వరస చల్లబరిచే యంత్రాలని ముంచాయి. కానీ మిగిలిన వరస ఉంది, మిగిలిన ఒక్క లైను ఉంది. ఒకటి పోతే ఇంకొకటి, వేరే చోట, వేరే ఎత్తులో. అదే కాపాడింది.

మా సెక్షన్‌లో ఒకాయనది ఓనగావా పక్కన చేపలు పట్టే పల్లె. ఇల్లు కొట్టుకుపోయింది, దారి తెగిపోయింది. ఊరివాళ్లంతా కొండ దారిన నడిచి అణు కేంద్రానికే వెళ్లారట. మొదట కొద్దిమంది, ఎక్కువైనప్పుడు 364 మంది. కేంద్రంలోని వ్యాయామశాలలో దుప్పట్లు పరిచి మూడు నెలలు ఉంచారు. వాళ్ల అమ్మగారు కూడా అక్కడే ఉన్నారు. “ఆమెకి భయం వేయలేదా” అని అడిగాను. “ఆ తీరంలో లైటు వెలుగుతున్నది అక్కడొక్కచోటే” అన్నాడాయన.

జపాన్ పాత దెబ్బల నుంచి నేర్చుకోలేదని కూడా అనలేం. 2007 జులై 16న నీగాతా తీరంలో 6.8 భూకంపం వచ్చినప్పుడు, ఏడు రియాక్టర్లున్న కాషివజాకి-కరివా కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది, ఆర్పడానికి తగిన ఏర్పాట్లు లేకపోయాయి. ఆ తర్వాతే కేంద్రాల్లో ఫైరింజన్లు పెట్టారు, భూకంపం ఊపు తగలకుండా విడిగా నిలబడే కంట్రోల్ భవనాలు కట్టారు. ఫుకుషిమా దాయిచిలో అలాంటి భవనం 2010 జులైలో పూర్తయింది, విపత్తుకి ఎనిమిది నెలల ముందు. అప్పటి మేనేజరు యోషిదా మసావో, ఆయన మనుషులు అన్ని రోజులు నిలబడి పని చేసింది అందులోనే. రియాక్టర్లలోకి సముద్రపు నీళ్లు కొట్టింది ఆ ఫైరింజన్లతోనే.

ఇక్కడిదాకా యంత్రాల సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మనుషుల సంగతి.

ఫుకుషిమా దాయిచికి దగ్గర్లో ఒక ఆసుపత్రి ఉండేది. మంచం మీద నుంచి లేవలేని ముసలివాళ్లు ఎక్కువ. ఖాళీ చేయమన్నారు. బస్సులు ఆలస్యంగా వచ్చాయి, సరైన దారి లేదు, గంటల తరబడి తిప్పారు. ఆ తరలింపులో 40 మందికి పైగా చనిపోయారు. ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రవేత్తల కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఫుకుషిమా ప్రజల్లో నేరుగా రేడియేషన్ వల్ల అని చెప్పదగ్గ ఆరోగ్య నష్టం నమోదు కాలేదు. కానీ ఇల్లు వదిలి, ఊరు వదిలి, మందులు అందక, మనసు చెదిరి ఆ జిల్లాలో పోయినవాళ్లు 2,300 మందికి పైగా. అదే జిల్లాలో సునామీకి నేరుగా పోయినవాళ్ల కంటే ఎక్కువ. వీళ్లని ఏ గోడ కాపాడుతుంది?

2024 జనవరి 1 సాయంత్రం నోతో ద్వీపకల్పంలో 7.6 భూకంపం వచ్చింది. అక్కడ షికా అణు కేంద్రం ఉంది. 2011 నుంచీ ఆగే ఉంది కాబట్టి లోపల వేడి తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వేల లీటర్ల నూనె కారింది, కొన్ని లైన్లు పోయాయి, పెద్ద ప్రమాదమేమీ కాలేదు. కానీ కేంద్రం చుట్టూ చూడండి. జపాన్ నియమం ప్రకారం ప్రమాదం జరిగితే 5 కిలోమీటర్ల లోపు వాళ్లు వెళ్లిపోవాలి, 5 నుంచి 30 లోపు వాళ్లు ఇళ్లలో తలుపులు మూసుకుని ఉండాలి. ఆ రోజు దారులు తెగిపోయాయి, ఇళ్లు కూలిపోయాయి. వెళ్లడానికి రోడ్డు లేదు, ఉండడానికి ఇల్లు లేదు. రేడియేషన్ కొలిచే పోస్టుల్లో 18 నుంచి లెక్కలు రావడం ఆగిపోయాయి. కొన్ని పల్లెలు రెండు వారాలు దాటినా ఒంటరిగానే ఉన్నాయి.

అదే ద్వీపకల్పం కొసన సుజు అనే ఊళ్లో కూడా అణు కేంద్రం కట్టాలనుకున్నారు. ఊరు రెండుగా చీలింది, ఏళ్ల తరబడి గొడవలు. 2003లో ఆ ప్రణాళిక ఆగింది. 2024 భూకంప కేంద్రం ఆ సుజులోనే. తీరం పైకి లేచి రేవులు ఎండిపోయాయి. ఆ రోజుల్లో తిట్లు తిని కూడా వద్దన్న చేపలవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు.

ఓనగావా రెండో యూనిట్ 2024 అక్టోబరు 29న మళ్లీ మొదలైంది. ఇప్పుడు దాని ముందు సముద్రమట్టానికి 29 మీటర్ల ఎత్తు గోడ ఉంది. ఆ గోడని నేను నమ్ముతాను. అది కట్టినవాళ్లు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. కానీ కేంద్రం చుట్టూ ఉన్న దారి మలుపులు తిరిగే ఇరుకు కొండ దారి. ప్రమాదం వస్తే మమ్మల్ని తరలించే ప్రణాళిక పనికిరాదని ఇషినోమాకి వాసులు కొందరు కోర్టుకి వెళ్లారు. కోర్టు వాళ్ల మాట ఒప్పుకోలేదు. నేను మాత్రం వాళ్ల వైపే.

అణు విద్యుత్తే వద్దని నేను అనడం లేదు. ఓనగావా చూశాక అలా అనలేను. దారి లేని చోట, తరలించే బస్సులకి లెక్క లేని చోట దాన్ని మొదలుపెట్టకూడదు అంటున్నాను.

నాన్నకి ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు. ఆదివారాలు కొంచెం కొంచెం చెప్పాను. మన తీరం భూకంపాలకి తక్కువ భయం ఉన్న చోటే అన్నాను. ఆయన ఊరుకోలేదు. “భూకంపం లేకపోతే గాలి లేదా?” అన్నాడు. 2014 హుద్‌హుద్‌కి మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 తిత్లీకి ఉద్దానంలో మా మేనత్త వాళ్ల కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలవలేదు, స్తంభాలు అన్నీ నేల మీదే. కరెంటు పోవడానికి భూమే కదలక్కర్లేదు. తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రంలో 2004 డిసెంబరు 26న సునామీ పంపుహౌస్‌లోకి వచ్చింది. రియాక్టర్‌ని భద్రంగా ఆపేశారు, ఏమీ కాలేదు. కానీ పక్కనే ఉన్న ఉద్యోగుల కాలనీలో ప్రాణాలు పోయాయి.

కొవ్వాడకి అనుకుంటున్న రియాక్టర్ రకంలో పైన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి వేయకపోయినా 72 గంటలు దానంతట అదే చల్లబడేలా రూపొందించారు. ఇది చాలా మంచి మార్పు, ఫుకుషిమాలో అది ఉండుంటే కథ వేరుగా ఉండేది. నాన్నకి అదే చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే. “మూడు రోజులయ్యాక నీళ్లు ఎవులు తెస్తారు? ఏ రోడ్డు మీద తెస్తారు?”

అందుకే ప్రజాభిప్రాయ సేకరణ పెడితే అడగాల్సినవి రాసుకోమన్నాను. పంపులూ జనరేటర్లూ ఏ ఎత్తులో పెడుతున్నారు. ఆ ఎత్తు ఏ తుఫాను, ఏ సునామీ లెక్క చూసి తేల్చారు. ఆ లెక్క వేసిన కాగితం ఊరికి చూపిస్తారా. మంచం మీదున్న మా నాయనమ్మ లాంటివాళ్లని ఎవరు, ఏ బండిలో తీసుకెళ్తారు. ఆయన నోట్‌బుక్కు తెచ్చి రాసుకుంటుంటే పెన్ను చప్పుడు ఫోనులో వినిపించింది.

“ఇంకోటమ్మా. మనూరి రోడ్డు మీద రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి ఎనక్కెళ్లాల. అదీ రాస్తన్నాను.”

మర్నాడు పొద్దున్నే ఫోటో పంపాడు. తారు రోడ్డుకి అడ్డంగా టేపు, ఒక కొస మీద ఆయన చెప్పు. 3 మీటర్ల 70.